మోకాలు మార్పిడి అయ్యాక రాత్రి నిద్ర పట్టాలంటే పగటి నుంచే చూసుకోవాలి

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మర్రిగూడ దగ్గర ఊరు, అమ్మకు 63 ఏళ్లు, హైదరాబాద్‌లో ఎడమ మోకాలు మార్పిడి ఆపరేషన్ అయి 18 రోజులు. పగలు వాకర్‌తో బాగానే నడుస్తోంది, కానీ రాత్రి పదకొండు దాటిందంటే కాలు సలుపు, ఏడుపు, ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. కిడ్నీలు పాడవుతాయని ఎవరో అంటే భయపడి నొప్పి గోలీలు ఒక పూట వేసి ఒక పూట మానేస్తున్నారు. మోకాలి కింద మెత్త పెడితే హాయిగా ఉందంటోంది కాబట్టి రాత్రంతా అట్లాగే ఉంచుతున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేస్తానంటున్నాడు, నాన్న అయితే ఒక సీసా కల్లు పోస్తే హాయిగా పడుకుంటుంది అంటున్నాడు. ఇవి సరైనవేనా, ఇంకా ఎన్ని రోజులు ఇట్లా అని అడిగారు.

నేను నల్లగొండలో ఫిజియోథెరపిస్టును. ఈ ఆపరేషన్ అయినవాళ్ల ఇళ్లకు వెళ్లి కాలు వంచడం, చాపడం నేర్పించడం చాలా ఏళ్లుగా నా పని. పది ఇళ్లకు వెళ్తే ఎనిమిది ఇళ్లలో మొదటి మాట ఇదే, "పగలు మంచిగనే ఉంటది సార్, రాత్రే చంపుతది". కాబట్టి అమ్మకేదో తేడా చేసిందని ముందే టెన్షన్ పడకండి. మూడో వారంలో రాత్రి నొప్పి రావడం మామూలే. చాలామందికి ఆరు వారాల దాకా నిద్ర సరిగా ఉండదు, మూడు నెలలకు మెరుగుపడుతుంది. మోకాలు కొంచెం వాచి, ముట్టుకుంటే వెచ్చగా ఉండటం అంతకన్నా ఎక్కువ కాలమే ఉంటుంది. కోత పక్కన బయటివైపు చర్మం మొద్దుబారినట్టు ఉండటం కూడా మామూలే, దానికి భయపడే పనిలేదు.

లోపల జరిగింది చిన్న పని కాదు. తొడ ఎముక కింది కొన, మోకాలి కింది ఎముక పై కొన చెక్కి, వాటికి లోహపు తొడుగులు బిగించి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ పెడతారు. ఆ చుట్టూ ఉన్న కండ, నరాలు, పొర అన్నీ మానాలి. ఆసుపత్రిలో మొదటి రెండు మూడు రోజులు నరానికి ఇచ్చిన మత్తు, బలమైన మందులు ఉంటాయి కాబట్టి అక్కడ నొప్పి పెద్దగా తెలియదు. ఇంటికి వచ్చాకే అసలు నొప్పి బయటపడుతుంది. డిశ్చార్జ్ రోజు "అయిపోయింది, ఇంక హాయి" అనుకున్నవాళ్లు వారం తర్వాత "ఎందుకు చేయించుకున్నానా" అని ఏడవడం నేను తరచూ చూస్తాను. అమ్మ కూడా ఆ మాట అనే ఉంటుంది. అనకపోయినా మనసులో అనుకుంటూ ఉండవచ్చు. పక్కన కూర్చుని ఇది దాటిపోయే నొప్పేనని ఆమెకు చెప్పండి, నిజంగానే దాటిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. రాత్రి పన్నెండు గంటలకు ముదిరిన నొప్పిని ఆ పన్నెండు గంటలకు గోలీ వేసి దించడం కష్టం. పట్టాలెక్కిన నొప్పి దిగడానికి గంట పైనే పడుతుంది, అప్పటికి నిద్ర చెడిపోతుంది, మనసు చెడిపోతుంది. రాత్రి ఎట్లా గడుస్తుందన్నది ఆ రోజు పగలు కాలు ఎట్లా ఉంది, సాయంత్రం గోలీ ఎప్పుడు వేశారు అన్నదాని మీద ఉంటుంది.

గోలీల సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే అన్ని ఇళ్లలో చెడిపోయేది ఇక్కడే. మన ఊళ్లలో రాత్రి అన్నం ఏడు, ఏడున్నరకే అయిపోతుంది. దాంతోపాటే రాత్రి గోలీలన్నీ మింగించేస్తారు. పారాసిటమాల్ పని చేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. ఏడుకు వేస్తే పదకొండుకు తగ్గడం మొదలై ఒంటి గంటకు పూర్తిగా పోతుంది. అమ్మకు నొప్పి పదకొండు దాటాకే ఎందుకు వస్తోందో ఇక్కడే తెలిసిపోతోంది కదా. డాక్టర్ డోలో 650 (650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ గోలీ) రోజుకు నాలుగు సార్లు రాసి ఉంటే, ఆ నాలుగింటినీ గడియారం చూసి వేయండి, రాత్రి పది, తెల్లవారుజాము నాలుగు, పొద్దున పది, సాయంత్రం నాలుగు. నొప్పి ఉన్నా లేకున్నా. తెల్లవారుజామున ఆమె ఎట్లాగూ ఒంటికి లేస్తుంది కదా, గోలీ, చిన్న గ్లాసు నీళ్లు తలాపున పెట్టి ఉంచండి, అప్పుడే వేసుకుంటుంది. నాలుగు డోలోలు కలిపి 2.6 గ్రాములు అవుతుంది. మామూలు పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు అనేది హద్దు. బక్కగా ఉన్నవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు, తాగుడు అలవాటు ఉన్నవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ, అది డాక్టరే చెప్పాలి.

కిడ్నీల భయం ఊరికే పుట్టింది కాదు. కానీ ఆ భయం పెట్టుకోవాల్సింది వేరే రకం గోలీల మీద. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటివి ఎక్కువ రోజులు వాడితే కిడ్నీల మీద, బీపీ మీద, కడుపు మీద పడతాయి. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లకు ఇంకా జాగ్రత్త. అవి డాక్టర్ రాసినన్ని రోజులే, తిన్న తర్వాతే. చెప్పిన మోతాదులో పారాసిటమాల్‌కు కిడ్నీల పేరు చెప్పి భయపడి మానేయనక్కర్లేదు. ఇంకొకటి, గోలీల పేర్లు వేరుగా ఉన్నా లోపల మందు ఒకటే ఉండవచ్చు. జీరోడాల్ పీలో ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసిటమాల్ ఉంటుంది. అల్ట్రాసెట్‌లో ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందుతో పాటు పారాసిటమాల్ ఉంటుంది. వీటి మీద మళ్లీ డోలో వేస్తే తెలియకుండానే మోతాదు పెరుగుతుంది. గోలీల పట్టీలన్నీ ఒక కవర్లో వేసుకుని మెడికల్ షాపులో కాకుండా ఆపరేషన్ చేసిన డాక్టర్‌కో, ఆసుపత్రి వాళ్లకో ఫోటో పెట్టి "ఏది ఎప్పుడు, ఎన్ని రోజులు" అని రాయించుకోండి. ట్రమడాల్ రాసి ఉంటే అది వేసుకున్నాక తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది, మలబద్ధకం చేస్తుంది. అందుకే దాన్ని పడుకునే ముందు ఇస్తారు, వేసుకున్నాక ఆమె ఒక్కతే లేవకూడదు. రాత్రికి నరాల నొప్పికి ఇచ్చే ప్రిగాబాలిన్ లేదా గాబాపెంటిన్ కూడా ఉంటే మత్తు ఇంకా ఎక్కువ.

సూది గురించి. వద్దు. గట్టిగానే చెప్తున్నా. అమ్మకు రక్తం గడ్డకట్టకుండా మందు ఇచ్చి ఉంటారు, గోలీలో సూదులో, ఈ ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల పాటు అది మామూలే. ఆ మందు మీద ఉన్నప్పుడు పిరుదుకు నొప్పి సూది వేస్తే లోపల రక్తం చేరి గడ్డ కట్టే ప్రమాదం ఉంది. డైక్లోఫెనాక్ సూది అయితే రక్తస్రావం ఇంకా పెరుగుతుంది. స్టెరాయిడ్ సూది వేస్తే ఆ రాత్రికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ షుగరు పెరుగుతుంది, పుండు మానడం తగ్గుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. మార్చిన మోకాలికి చీము పడితే అది సాదాసీదా గాయానికి పట్టిన చీము లాంటిది కాదు, మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఆ ఆర్‌ఎంపీ మంచివాడే కావచ్చు, ఊరికి అర్ధరాత్రి పలికేది అతనే కావచ్చు. బీపీ, షుగరు చూపించుకోండి, కట్టు తడిసిందేమో చూడమనండి. సూది మాత్రం వద్దు.

కల్లు గురించి నాన్న మీద కోపం పెట్టుకోకండి, మన నల్లగొండ, పాలమూరు వైపు అది తరాల అలవాటు. కానీ ఇక్కడ నిజం చెప్పాలి. చెట్టు మీంచి దించిన తాటికల్లు, ఈతకల్లు వేరు. చాలా చోట్ల సీసాల్లో దొరికేదాంట్లో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి మత్తు మందులు కలిపి పట్టుబడిన కేసులు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ట్రమడాల్ మీద, ప్రిగాబాలిన్ మీద అది పడితే శ్వాస మందగించేంత మత్తు రావచ్చు, లేకుంటే అర్ధరాత్రి తూలి పడుతుంది. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. అమ్మకు ఆపరేషన్‌కు ముందు రోజూ సాయంత్రం కల్లు అలవాటు ఉండి, ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి ఒక్కసారిగా ఆగిపోయి ఉంటే, ఇప్పటి నిద్రలేమిలో సగం దాని వల్లే కావచ్చు. కల్తీ కల్లు ఆగినవాళ్లకు చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్ కూడా వస్తాయి. అవి ఎక్కువగా మొదటి రోజుల్లోనే వస్తాయి కానీ నిద్ర చెదరడం వారాల పాటు ఉంటుంది. పెద్ద వయసు ఆడవాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లు ఇది డాక్టర్‌కు చెప్పడానికి సిగ్గుపడతారు. దయచేసి చెప్పండి. చెప్తే దానికి తగిన మందు ఉంది, చెప్పకపోతే అందరం మోకాలినే తిడుతూ కూర్చుంటాం. అలాగే మెడికల్ షాపులో నిద్రగోలీ అడిగి తేవడం కూడా వద్దు.

ఇక మెత్త. మోకాలి కింద మెత్త పెడితే హాయిగా ఉంటుంది, అందులో అబద్ధం లేదు. కాలు కొంచెం వంగి ఉంటే లోపలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి. కానీ రాత్రికి ఏడెనిమిది గంటలు అట్లా వంగి ఉంటే వెనక నరాలు, కండరాలు ఆ వంపులోనే బిగుసుకుపోతాయి. అది అట్లాగే ఉండిపోయి కాలు పూర్తిగా చాపలేకపోతే కుంటుతూ నడవాల్సి వస్తుంది, నడుము నొప్పి కూడా రావచ్చు. కాలు వంగకపోతే ఏడ్చేవాళ్లున్నారు కానీ చాపడం రాకపోతే ఎవరూ పట్టించుకోరు, నిజానికి నడకకు మొదట కావాల్సింది చాపడమే.

ఈ రోజే ఒక పని చేసి చూడండి. అమ్మను చదునుగా ఉన్న మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలు చాపమని, మోకాలి వెనక మీ అరచేయి దూర్చండి. చేయి సులువుగా దూరిపోతే కాలు ఇంకా పూర్తిగా చాపుకోలేదన్నమాట. అప్పుడు ఒక తువ్వాలను గట్టిగా చుట్టి, ముంజేయి లావు అయ్యేట్టు చేసి, మడమకు కొంచెం పైన, చీలమండ కింద పెట్టండి. మడమ గాల్లో ఉండాలి, పిక్కకు ఏదీ తగలకూడదు. మోకాలు దాని బరువుకు అదే కిందికి దిగుతుంది. వెనక గుంజినట్టు ఉంటుంది, అది ఉండాల్సిందే. అయిదు నిమిషాలు ఉంచి తీసేయండి, రోజుకు మూడు నాలుగు సార్లు. రాత్రంతా అట్లా పెట్టాల్సిన పనిలేదు, నిద్రపోనివ్వదు. రాత్రి కాలు చదునుగా చాపి ఉంటే చాలు. మరీ ఓర్చుకోలేకపోతే పెద్ద మెత్తను నిలువుగా, పిక్క నుంచి మడమ దాకా పొడుగునా పెట్టండి, కాలు మొత్తం లేస్తుంది, మోకాలు ఒక్కటే వంగదు. పాదం పక్కకు వాలిపోకుండా బయటివైపు చుట్టిన దుప్పటి ఒకటి ఆనించండి, వేళ్లు కప్పు వైపు చూడాలి.

మీది మర్రిగూడ వైపు అన్నారు కాబట్టి ఇంకో మాట. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగిన ఆ వయసు వాళ్లలో చాలామందికి నడుము, మెడ కూడా బిగుసుకుని ఉంటాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న చోట అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్లు తాగిన తరం అది. ఇప్పుడు మిషన్ భగీరథ పథకంతో కృష్ణా నీళ్లు వస్తున్నా ఎముకలో చేరింది అంత త్వరగా పోదు. అలాంటివాళ్లను చదునుగా వెల్లకిలా పడుకోమంటే నిద్ర పట్టనిది మోకాలి వల్ల కాదు, వంగిన వీపు వల్ల. అమ్మ వీపు వంగి ఉంటే తల కింద, భుజాల కింద రెండు మూడు మెత్తలు ఎత్తుగా పెట్టండి. పైభాగం ఎంత ఎత్తయినా ఫరవాలేదు, కాలు మాత్రం చాపి ఉండాలి. అలాంటి వాళ్లకు కాలు చాపడం, వంచడం మిగతావాళ్ల కన్నా నెమ్మదిగా వస్తుంది, పక్కింటి ఆమెతో పోల్చి నిరాశ పడకండి.

పక్కకు తిరిగి పడుకోవడం అలవాటైన వాళ్లకు వెల్లకిలా పడుకోవడమే పెద్ద శిక్ష. కుట్లు లేదా పిన్నులు తీసేసి, పుండు ఆరి ఉంటే, డాక్టర్‌ను ఒక మాట అడిగి మంచి కాలు వైపు పడుకోనివ్వండి. రెండు కాళ్ల మధ్య మోకాళ్ల నుంచి మడమల దాకా పొడుగు మెత్త ఉండాలి, ఆపరేషన్ కాలు పైన ఉండాలి. ఈ ఒక్క మార్పుతోనే చాలామందికి రెండు మూడు గంటలు ఏకబిగిన నిద్ర పడుతుంది.

మంచం సంగతి కూడా చూడండి. నులక మంచం, నవారు మంచం మధ్యలో కుంగుతాయి, తుంటి, మోకాలు రెండూ వంగిపోతాయి, లేవడం కూడా నరకం. చెక్క మంచం మీద గట్టి పరుపు ఉండాలి, అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. నేల మీద పడక ఇప్పుడు అస్సలు వద్దు. బాత్రూం పెరట్లో, మెట్లు దిగి ఉంటే ఈ నెలా రెండు నెలలు మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టుకోండి. రాత్రి ఒంటికి పోవాలన్న భయంతో చాలామంది సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు, దాంతో మలబద్ధకం, కడుపు ఉబ్బరం, దాంతో మళ్లీ నిద్ర లేదు. నీళ్లు పగలు బాగా తాగించండి, సాయంత్రం ఆరు తర్వాత కొంచెం తగ్గించండి. వాకర్ చేతికందే దూరంలో, దీపం వెలిగే ఉండాలి.

పగలు కాలు ఎట్లా వాస్తోందో చూడండి. ఆపరేషన్ అయిన ఇంటికి చూడవచ్చేవాళ్లు ఆగరు. వాళ్లు వచ్చినప్పుడల్లా అమ్మ మర్యాదకు కుర్చీలో కాలు వేలాడేసుకుని గంటలు కూర్చుంటుంది. పొద్దుమూకే సరికి పాదం, పిక్క వాచి రాయిలా అవుతాయి. ఆ వాపే రాత్రి సలుపు. ఇది మీరు మొహమాటం లేకుండా చెప్పాల్సిన విషయం: ముప్పావు గంట కన్నా ఎక్కువసేపు కూర్చోబెట్టకండి. రోజుకు మూడు సార్లు అరగంట పడుకుని కాలు గుండె కన్నా ఎత్తులో ఉండేట్టు మొత్తం కాలు కింద మెత్తలు పెట్టండి, పాదాన్ని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉండమనండి. మధ్యాహ్నం నిద్ర అరగంట దాటనివ్వకండి, రాత్రంతా మేలుకుంది కదా అని పగలు మూడు గంటలు పడుకోనిస్తే రాత్రి మళ్లీ అదే కథ.

వ్యాయామాలు గోలీ వేసిన ముప్పావు గంట తర్వాత చేయించండి, అప్పుడు నొప్పి ఓర్చుకునేంత ఉంటుంది. గట్టిగా వంచే వ్యాయామాలు సాయంత్రం అయిదింటికల్లా అయిపోవాలి. రాత్రి ఎనిమిదింటికి కొడుకు పని నుంచి వచ్చి ఉత్సాహంగా కాలు వంచించే ఇళ్లు చూశాను, ఆ రాత్రి ఇక జాగారమే.

పడుకునే ముందు ఐస్. పాల కవర్లో నీళ్లు పోసి ముడేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి, రెండు మూడు ఉంటే మంచిది. పల్చటి తువ్వాల చుట్టి మోకాలికి రెండు పక్కలా, పైన, పదిహేను ఇరవై నిమిషాలు. నేరుగా చర్మం మీద పెట్టకండి. కోత పక్కన స్పర్శ తెలియదు కాబట్టి చల్లదనానికి చర్మం దెబ్బతిన్నా ఆమెకు తెలియదు, మధ్యలో ఎత్తి చూడండి. షుగరు ఉంటే ఇంకా జాగ్రత్త. కట్టు తడవకూడదు. వేడి నీళ్ల సంచి, ఆవిరి, నూనె మర్దన, బామ్, పసరు కట్టు ఇప్పుడు ఏవీ వద్దు, ఎవరు ఎంత ప్రేమతో తెచ్చినా సరే.

ఇంత చేసినా రాత్రి రెండింటికి మెలకువ వస్తే పడుకుని పళ్లు బిగించి ఓర్చుకోనివ్వకండి. లేపి అంచున కూర్చోబెట్టి నెమ్మదిగా పదిసార్లు వంచి చాపమనండి, వాకర్‌తో గది చుట్టూ ఒకసారి నడిపించండి, పది నిమిషాలు ఐస్ పెట్టి మళ్లీ పడుకోబెట్టండి. కదలకుండా ఉన్నందుకే సగం బిగుతు.

పథ్యం పేరుతో పప్పు, గుడ్డు మానేశారేమో చూడండి. పప్పు తింటే చీము పడుతుందని మన దగ్గర గట్టి నమ్మకం. చీము పడేది పప్పుతో కాదు, సూక్ష్మక్రిములతో, అదుపులో లేని షుగరుతో. పుండు మానాలంటే, తొడ కండ తిరిగి రావాలంటే గుడ్డు, పప్పు, పాలు, మాంసం కావాలి. రోజూ చారు అన్నం తింటే ఆ కండ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది ఫలానా రోజుకు పోతుందని చెప్పలేను కానీ, వారం వారం పోల్చి చూస్తే తగ్గుతూ రావాలి. తగ్గుతున్న నొప్పి ఒక్కసారిగా పెరిగితే, 101 దాటి జ్వరం వస్తే, పుండు నుంచి నీరు, చీము కారితే, ఎరుపు పాకుతూ పోతే, పాదం పైకి ఎత్తలేకపోతే అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చూపించండి, తెలిసినవాళ్లు ఇచ్చే యాంటీబయోటిక్ మీద కాలం గడపకండి. ఒక పిక్క గట్టిగా వాచి, నొక్కితే నొప్పి ఉంటే రక్తం గడ్డ అనుకుని వెంటనే వెళ్లాలి. ఒక్కసారిగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే రాత్రి ఎన్ని గంటలైనా 108కి ఫోన్ చేయండి. కుట్ల చెకప్‌కు హైదరాబాద్ వెళ్లేటప్పుడు కూడా ఒకే బిగిన కారులో కూర్చోబెట్టకండి, దారిలో ఎక్కడైనా ఆపి అయిదు నిమిషాలు వాకర్‌తో నడిపించి మళ్లీ బయలుదేరండి. డాక్టర్‌ను కలిసినప్పుడు రాత్రి నిద్ర గురించి, కల్లు అలవాటు గురించి, కాలు ఎంత చాపుతోంది ఎంత వంగుతోంది అన్నది మూడూ చెప్పండి. ఆరు వారాలకు 90 డిగ్రీలు కూడా వంగకపోతే అప్పుడే గట్టిగా చెప్పాలి. ఆలస్యం అయ్యేకొద్దీ లోపలి బిగుతు గట్టిపడి సరిచేయడం కష్టమవుతుంది.